మక్సూదా దిద్దిన ముఖాలు

మక్సూదాకు పని నేర్పింది ఆమె తండ్రి. కరీంనగర్‌లో నాలుగైదు ఫోటో స్టూడియోల నెగటివ్‌లు ఆయన ఇంటికే వచ్చేవి. ఏటవాలుగా నిలబెట్టిన చెక్కబల్ల, దాని మధ్యలో గరుకు అద్దం, కిటికీలోంచి వచ్చే వెలుగును కిందినుంచి పైకి తిప్పే ఇంకో చిన్న అద్దం. అదే ఆయన కార్ఖానా. నెగటివ్‌ను ఆ గరుకు అద్దం మీద పెట్టి, సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో ముఖం మీది గీతలను ఒక్కొక్కటే సరిచేసేవాడు. నెగటివ్‌లో అంతా తలకిందులు. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది. కంటి కింది ముడత అక్కడ సన్నని వెలుగుగీతలా కనిపిస్తుంది. పెన్సిల్ ఎంత తాకితే ప్రింటులో అది ఎంత తగ్గుతుందో చేతికే తెలియాలి. తండ్రి చూపు మందగించేసరికి మక్సూదాకు పదిహేనేళ్లు. అప్పటికే సగం నెగటివ్‌లు ఆమె చేతిమీదుగా వెళుతున్నాయి. ఆ సంగతి స్టూడియోల వాళ్లకు తెలియదు.

1983లో ఆమెకు వజీర్‌తో పెళ్లయింది. వజీర్‌కు గోదావరిఖనిలో, చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో రోష్నీ ఫోటో స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో, ఖని అని పిలుచుకునే మా ఊళ్లో ఫోటోలకు కొదవ లేదు. చుట్టుపక్కల ఊళ్లనుంచి మనుషులు బొగ్గుబాయి పనికి వచ్చి చేరుతున్నారు. నౌకరీ కాగితాలకు ఒక ఫోటో, రేషన్ కార్డుకు ఒకటి, పెళ్లిచూపులకు పంపడానికి ఇంకొకటి. వజీర్ పగలంతా ఫోటోలు తీసేవాడు. మర్నాడు పొద్దున నెగటివ్‌లు ఇంట్లో భార్య ముందు పెట్టేవాడు. మక్సూదా పుట్టింటినుంచి తెచ్చుకున్న చెక్కబల్ల కిటికీ పక్కన వేసుకుని కూర్చునేది. ఫస్టు షిఫ్టు దిగి, తల దువ్వుకునే తీరిక లేకుండా వచ్చి దిగిన ఫోటోలో కూడా మనిషి కళకళలాడుతూ ఉండేవాడు.

"వజీర్ చెయ్యి మంచిది" అనేవారు జనం. వజీర్ నవ్వి ఊరుకునేవాడు. కావాలని దాచింది లేదు. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. అట్లా పదేళ్లకు పైగా గడిచాయి.

ఆ తర్వాత నలుపు తెలుపు ఫోటోలు పోయాయి. రంగుల ఫిల్ములు కరీంనగర్ ల్యాబుకు వెళ్లి ప్రింటయి వచ్చేవి. వాటిమీద పెన్సిల్‌కు పనిలేదు. మక్సూదా బల్ల మంచం కిందికి చేరింది. 2003లో వజీర్ ఒక కంప్యూటరు, ఒక స్కానరు కొన్నాడు. వాటి మీద పనిచేయడానికి పెద్దపల్లి నుంచి జైపాల్ అనే ఆపరేటరును పెట్టుకున్నాడు. జైపాల్ పనిమంతుడు. పెళ్లి ఆల్బముల్లో వధూవరుల వెనక జలపాతాలు, గులాబీలు పెట్టడంలో అతనికి తిరుగులేదు. చనిపోయినవాళ్ల పాత ఫోటోలు తెస్తే ముఖం నున్నగా చేసి, మెడకింద కోటూ టై తగిలించి, వెనక నీలం రంగు వేసి ఇచ్చేవాడు. జనం సంతోషంగానే తీసుకెళ్లేవారు.

ఐలవ్వ మాత్రం తీసుకెళ్లలేదు.

ఐలవ్వది ఎనిమిదింక్లైన్ కాలనీ. ఆమె భర్త ఎల్లేశం బాయిలో బొగ్గు ఎత్తే కార్మికుడు. 1979లో జబ్బుచేసి పోయాడు. ఆయనకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో, గుర్తింపు కార్డు మీద తపాలా బిళ్లకంటే కాస్త పెద్దది. దానిమీద ఆఫీసువాళ్లు వేసిన ఊదారంగు గుండ్రటి ముద్ర ఎడమ చెంప నుంచి నుదుటి దాకా పాకింది. మనుమడి పెళ్లి దగ్గరపడింది. తాత ఫోటో గోడకు లేకుండా పెళ్లేమిటని ఐలవ్వ కార్డు పట్టుకుని స్టూడియోకు వచ్చింది. వారం తర్వాత మళ్లీ వచ్చి, జైపాల్ చేతిలో పెట్టిన ఫోటోను చూసింది.

ఆ మధ్యాహ్నం మక్సూదా భర్తకు అన్నం గిన్నె ఇవ్వడానికి స్టూడియోకు వచ్చి ఉంది. వజీర్ అప్పటికింకా స్కూలు పిల్లల ఫోటోలు తీయడానికి వెళ్లి తిరిగి రాలేదు.

"గీ కోటేసుకున్న దొర ఎవలు బిడ్డా?" అంది ఐలవ్వ.

"మీ ఆయనే అవ్వా" అన్నాడు జైపాల్. "ముద్ర తీసేసిన. మొఖం సాఫ్ చేసిన. చూడు, ఎంత మంచిగ ఉన్నడో."

"మంచిగనే ఉన్నడు. గని మా ఆయన గాదు."

"ఏం తక్కువైందో చెప్తెగద అవ్వా, నేను చేసేది."

ఏం తక్కువైందో ఐలవ్వకూ తెలియదు. ముప్పై ఏళ్ల కిందటి ముఖం. ఫోటోను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. వద్దని ఇచ్చేయడానికి మనసు రాలేదు, తీసుకుని వెళ్లడానికి కాళ్లు రాలేదు.

మక్సూదా గిన్నె బల్లమీద పెట్టింది. "అవ్వా, అసలు ఫోటో ఒక్కసారి నాకియ్యరాదు" అని కార్డు అడిగి తీసుకుంది. వజీర్ సొరుగులోంచి భూతద్దం తీసి, తలుపు దగ్గరి వెలుగులో నిలబడి చాలాసేపు చూసింది. ఊదారంగు సిరా కింద ఎడమ కనుబొమ్మ దగ్గర ఒక మచ్చ ఉంది. అది సిరాయా, కాగితం మీది మరకా, మనిషి ఒంటిమీదిదా అన్నది తేలడం లేదు. జైపాల్ చేసిన ఫోటోలో ఆ చోటు నున్నగా ఉంది.

తండ్రి దగ్గర రంగు అద్దం ముక్కలు ఉండేవి. పాత ఫోటోకు నకలు తీయాల్సి వస్తే, దానిమీద పసుపు మరక ఉంటే కెమెరా ముందు పసుపు అద్దం, సిరా మరక ఉంటే ఆ సిరా రంగు అద్దం పెట్టేవాడు. ఏ రంగు మరకను ఆ రంగు అద్దం మింగేస్తుంది, మిగిలినది మిగిలినట్టు ఉంటుంది. మక్సూదాకు అది గుర్తొచ్చింది.

"జైపాల్, నీ కంప్యూటర్ల రంగు అద్దాలు ఉంటయా?"

"అద్దాలేంది అక్కా?"

ఆమె విడమరిచి చెప్పింది. జైపాల్‌కు తను చేసిన పొరపాటు అర్థమైంది. నలుపు తెలుపు ఫోటోనే కదా అని అతను మొదటిసారి కార్డును నలుపు తెలుపులోనే స్కాన్ చేశాడు. దాంతో ఊదారంగు సిరా బూడిదరంగయి ముఖంలో కలిసిపోయింది. ఎక్కడిదాకా సిరానో తెలియక అనుమానం వచ్చిన ప్రతి చోటా రుద్దేశాడు. ఈసారి కార్డును రంగుల్లో స్కాన్ చేశాడు. ఫోటోషాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులను విడదీసి ఒక్కొక్కటే చూపించాడు. ఆకుపచ్చలో ముద్ర నల్లగా కొట్టొచ్చినట్టు ఉంది. నీలంలో అది పొగలా పలచబడింది. కనుబొమ్మ మీది మచ్చ మాత్రం చెక్కుచెదరలేదు, సన్నగా వంకరగా, వేలిగోరంత.

"అవ్వా, మీ ఆయనకు ఈడ దెబ్బ తాకిందా?" అని మక్సూదా తన కనుబొమ్మ మీద వేలు పెట్టి చూపింది.

ఐలవ్వ లేచి నిలబడింది. "తాకింది బిడ్డా. నౌకరిల చేరిన కొత్తల బొగ్గుపెళ్ల కొట్టుకున్నది. గాయంల బొగ్గుపొడి పోయి నీలంగ అట్లనే ఉండిపాయె. కడిగినా పోలే, ఏం రాసినా పోలే. నేను మర్షేపోయిన సూడు."

బాయిలో దెబ్బతగిలి మానిన గాయం మనిషి ఉన్నంతకాలం నీలంగా ఉండిపోతుంది. ఖనిలో ప్రతి ఇంట్లోనూ అట్లాంటి మచ్చ ఉన్న చెయ్యో, నుదురో ఉంటుంది. జైపాల్‌ది పొలం పని చేసుకునే ఇల్లు, అతనికి తెలియదు. అతను కుర్చీ మక్సూదా వైపు జరిపాడు. "నువ్వు చెప్పు అక్కా, నేను చేస్త" అన్నాడు. ఎక్కడ ముట్టాలో, ఎక్కడ ముట్టకూడదో ఆమె చెప్పింది. కోటు తీసేశారు. కార్డు మీద కనిపించే నలిగిన కాలరు వరకే ఉంచారు. మూడోనాడు ఐలవ్వ వచ్చి ఫోటోను చూసి, కొంగుతో అద్దం తుడిచి, "గిప్పుడచ్చిండు" అంది.

కొన్ని నెలలకు జైపాల్‌కు కరీంనగర్‌లో పెద్ద ల్యాబులో పని దొరికింది. వెళ్లేముందు అతనే అన్నాడు వజీర్‌తో, "అన్నా, వేరే ఆపరేటర్ ఎందుకు? అక్కకు నేర్పిన కాడికి నేర్పిన. ముఖాలు ఆమెకు తెలిసినట్టు నాకు తెల్వయి."

ఇంటికి వెళ్లాక భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. ఇంట్లో వాళ్లది ఉర్దూ. వజీర్ కంప్యూటరును ఇంటికి తెచ్చి పెడతానన్నాడు. ఆమె దుకాణంలో కూర్చుంటే చుట్టాలు నలుగురూ నాలుగు మాటలంటారని అతని భయం.

"పెన్సిల్ పని ఇంట్లో నడిచింది" అంది మక్సూదా. "అప్పుడు మనిషిని మీరు చూసి ఫోటో తీసేది. ఇప్పుడు వచ్చేటివన్నీ పోయినోళ్ల ఫోటోలు. ఎట్లుండేటోడు, ఏ పక్క పాపిట తీసేటోడు, మచ్చ ఉండెనా, పన్ను ఇరిగెనా, ఇవన్నీ ఇంటోళ్లను అడగాలె. అడగకుంట దిద్దితె వాళ్ల మనిషిని నేనే చెరిపేసినదాన్నయిత."

మర్నాడు వజీర్ స్టూడియోలో కంప్యూటరు బల్లను గోడ వైపు నుంచి తిప్పి, వచ్చేవాళ్ల ముఖం కనిపించేట్టు వేశాడు.

ఆమె చదివింది ఉర్దూ మీడియంలో ఏడో తరగతి. కంప్యూటరు మీది ఇంగ్లీషు మాటలను బొమ్మల్లా గుర్తుపెట్టుకుంది. ఒక నోటు పుస్తకంలో ప్రతి పనిముట్టు బొమ్మా గీసి, పక్కన అది ఏం చేస్తుందో ఉర్దూలో రాసుకుంది. పక్క తావు నుంచి చర్మం తెచ్చి అతికే పనిముట్టుకు ఆమె పెట్టుకున్న పేరు 'మాసిక'. నల్లబరిచేదానికి 'పెన్సిల్', తెల్లబరిచేదానికి 'రబ్బరు'. కరెంటు ఉన్నట్టుండి పోయి మూడు రోజుల పని మాయమయ్యాక, రెండు గీతలు దిద్దగానే ఒకసారి సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకుంది. బొగ్గుదుమ్ము స్కానరు అద్దం మీద పడితే ఫోటోలో ముఖమంతా చుక్కలు వస్తాయి. అందుకని పొద్దున రాగానే మొదటి పని ఆ అద్దం తుడవడం. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పేలుళ్లు జరిగితే బల్ల అదురుతుంది, స్కాన్‌లో ముక్కు ఒక గీత పక్కకు జరుగుతుంది. ఆ వేళకు స్కానరు ముట్టేది కాదు.

ఆమె పద్ధతి వేరుగా ఉండేది. స్కాన్ చేసిన ఫోటోను మొదట తలకిందులు చేసి నెగటివ్‌లా చూసేది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారితే కాగితం మీది చిరుగు ఏదో, చర్మం మీది ముడత ఏదో ఆమె కంటికి ఇట్టే విడిపోయేది. చిరుగును పూడ్చేది. ముడతను ఉంచేది. "అమ్మ ముడతలు తియ్యక్కా" అని ఎవరైనా అంటే, "అమ్మను పిల్లను చెయ్యమంటవా" అని నవ్వేది. ముద్ర పడిన గుర్తింపు కార్డులు, వానకు తడిసినవి, పెట్టెలో ఒకదానికొకటి అంటుకుపోయినవి, అన్నీ ఆమె బల్ల మీదికి చేరాయి. మంచిర్యాల నుంచి, పెద్దపల్లి నుంచి మనుషులు బస్సెక్కి వచ్చేవారు.

2012 ఎండాకాలంలో రాయమల్లు వచ్చాడు. రాయమల్లు పాత తరం బొగ్గు కార్మికుడు, రిటైరై పదేళ్లయింది. బొగ్గు అయిపోయి వాళ్ల ఇంక్లైన్ బాయి ఆ ఏడాదే మూతపడబోతోంది. మూసేముందు ఆ బాయి కార్మికులంతా కమ్యూనిటీ హాల్లో కలవాలనుకున్నారు. బాయి తెరిచిన మొదటి ఏడాది, 1974లో, మొదటి షిఫ్టు వాళ్లంతా బాయి ముందు నిలబడి దిగిన ఫోటో ఒకటి రాయమల్లు దగ్గర ఉంది. దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టాలన్నది వాళ్ల కోరిక.

ఫోటోను బట్ట విప్పి బల్ల మీద పెట్టగానే చెదల మట్టి రాలింది. ఇరవై ఏడుగురు మనుషులు. మధ్యలో మడత పడి నలుగురి ముఖాలు చీలాయి. కుడివైపు చివరన చెదలు తినేసిన తావులో ఒక మనిషి భుజమూ, చెవీ మిగిలాయి. ముఖం లేదు.

"వీడు రఘుపతి" అన్నాడు రాయమల్లు. "బెల్లంపల్లికి బదిలీ మీద పోయిండు. ఆన్నే సచ్చిపోయిండు పాపం. ఏదన్న ఒక మొఖం పెట్టు బిడ్డా. ముప్పై ఎనిమిదేండ్లాయె, ఎవలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది కాకా" అంది మక్సూదా. "బెల్లంపల్లిల ఆయన మనుషులు లేరా?"

"పెండ్లాం ఉన్నది. లింగవ్వ."

ఆ ఆదివారం రాయమల్లు, వజీర్, మక్సూదా ముగ్గురూ రామగుండం స్టేషన్‌లో రైలెక్కి బెల్లంపల్లిలో దిగారు. లింగవ్వ కొడుకు చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. రాయమల్లును చూసి లింగవ్వ గుర్తుపట్టి కూర్చోబెట్టింది, చాయ్ పోసింది. ఫోటో మాట ఎత్తగానే ముఖం ముడుచుకుంది.

"ఫోటో ఇయ్య. ఒకపారి గిట్లనే పెద్దగ చేసిస్తమని తీస్కపోయిండ్రు, మళ్ల ఇయ్యలె. ఇగ ఉన్నది గిదొక్కటే."

"నువ్వు ఇయ్యకు అవ్వా" అంది మక్సూదా. "నీ చేతులనే ఉండనీ. బజార్ల స్కాన్ చేసే దుకాణం ఉంటది కదా, మాతోటి రా. నీ ముందటనే నకలు తీసుకుంట. ఫోటో నువ్వే ఇంటికి తెచ్చుకో."

లింగవ్వ లేచి పెట్టె తెరిచింది. అది జాతరలో దిగిన ఫోటో. అట్టతో చేసిన విమానంలో భార్యాభర్తలు కూర్చున్నారు. లింగవ్వ బిగుసుకుపోయి ఉంది. రఘుపతి పళ్లన్నీ కనిపించేట్టు నవ్వుతున్నాడు. మక్సూదా మొదట చెవి చూసింది. బాయి ఫోటోలో మిగిలిన చెవికి ఉన్న పోగు, కింది తమ్మె కొద్దిగా చీలి ఉండటం, రెండూ ఇక్కడా ఉన్నాయి. మనిషి తనే.

"నవ్వకుండ ఉన్న ఫోటో ఏమన్న ఉన్నదా అవ్వా?"

"లేదు బిడ్డా. నవ్వకుండ ఆయన మొఖం ఎట్లుంటదో నాకు యాదికి లేదు."

చిక్కు అక్కడ వచ్చింది. బాయి ముందు నిలబడ్డ ఇరవై ఆరుగురూ బిగుసుకుని ఉన్నారు. ఫోటోలో పడకుండా పక్కనే మేనేజరు ఉన్నాడట, ఎవరి పెదవీ కదల్లేదు. ఖనికి తిరిగొచ్చాక మక్సూదా రఘుపతి పెదాలు మూయడానికి ప్రయత్నించింది. బాయి ఫోటోలో నడినెత్తి ఎండ, జాతర ఫోటోలో పక్కనుంచి దీపం. ముందు వెలుగు మార్చింది. ముక్కు కింద నీడ దించింది, కళ్ల గుంటలు నల్లబరిచింది. ఇవన్నీ కుదిరాయి. పెదాలు మూసేసరికి మాత్రం మనిషి మారిపోతున్నాడు. నోరు ఒక్కటి మూస్తే చాలదు, చెంపలు దిగాలి, కళ్లు విచ్చుకోవాలి. దిద్దినకొద్దీ అతను రఘుపతికి తమ్ముడిలా, ఆ తర్వాత ఎవరికీ ఏమీ కానివాడిలా కనిపించాడు. మూడు వారాలు అదే పని. మిగిలిన ఇరవై ఆరు ముఖాలూ అప్పటికే పూర్తయ్యాయి.

ఒక పొద్దున రాయమల్లును పిలిపించి రెండు ప్రింట్లు ముందు పెట్టింది. ఒకదాంట్లో పెదాలు మూసిన మనిషి. ఇంకోదాంట్లో నవ్వు నవ్వుగానే ఉన్న రఘుపతి.

రాయమల్లు మొదటిది పక్కకు జరిపాడు. రెండోది కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"గా దినం ఎవ్వలు నవ్వలే బిడ్డా. దొర పక్కన్నే ఉండె" అన్నాడు. మళ్లీ చూశాడు. "గని నవ్వితె వీడే నవ్వి ఉంటడు. బాయిల తట్ట మోసుకుంట గూడ నవ్విపిచ్చేటోడు. ఇదే ఉండనీ."

"అయితే కింద రాద్దాం కాకా" అంది మక్సూదా. "ఈయన మొఖం జాతర ఫోటోలకెల్లి తెచ్చినమని. రేపు ఎవరన్న చూసి, గా దినం నవ్విండని అనుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండాలె."

రాయమల్లు సరేనన్నాడు. ఫోటో కింద ఇరవై ఏడు పేర్లు వరసగా రాయించారు. రఘుపతి పేరు పక్కన ఆ ఒక్క వాక్యం చేర్చారు. ప్రింటుకు కరీంనగర్ పంపేముందు వజీర్ ఒక కాగితం ముక్క తెచ్చి భార్య బల్ల మీద పెట్టాడు. దానిమీద అతని దస్తూరీలో తెలుగులో ఉంది, "ముఖాలు దిద్దింది మక్సూదా బేగం."

"ఇదేంది?"

"మూలకు పెట్టు. చిన్నగనే పెట్టు గని ముందట పెట్టు." వజీర్ స్టూలు మీద కూర్చున్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఫోటోల ఎనక నా దుకాణం ముద్ర కొడుతున్న. నీ చెయ్యి మంచిది వజీర్ అంటె ఇని ఊకున్న. ఒక్కనాడన్న నా చెయ్యి గాదని చెప్పలె."

"మిమ్ముల ఎవరన్న అడిగిండ్రా?"

"అడగకపోతె? చెప్పాలె గద."

మక్సూదాకు తన పేరు తెలుగులో రాసి ఉండగా చూసిన సందర్భాలు తక్కువ. ఓటరు కార్డు మీద ఒకసారి, అదీ తప్పుగా. కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ వాక్యాన్ని తనే కొట్టింది. కుడివైపు కింది మూలలో పెట్టింది. మొదట మరీ చిన్నగా పెట్టి, కాసేపటికి ఒక్క రవ్వ పెంచింది.

హాల్లో ఫోటో పెట్టిన రోజు నేనూ ఉన్నాను. నాలుగడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు. ఇరవై ఏడుగురిలో తొమ్మిదిమంది బతికి ఉన్నారు, ఏడుగురు వచ్చారు. కర్రలు పట్టుకుని, కొడుకుల భుజాలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి తమ ముఖం దగ్గర నిలబడ్డారు. బిక్షం అనే ఆయన తన పాతికేళ్ల ముఖం చూసుకుని మురిసిపోయి భార్యను పిలిచాడు. "పూలమ్మా, ఎట్లున్ననో సూడు." పూలమ్మ చూసి, "గిప్పుడు లేవు" అంది. హాలంతా నవ్వింది. చచ్చిపోయినవాళ్ల తరఫున పిల్లలు, మనుమలు వచ్చారు. ఒక లావుపాటి లారీ డ్రైవరు తన తండ్రి ముఖం ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎవరు తోసినా కదల్లేదు.

అందరి కళ్లూ తిరిగి తిరిగి కుడివైపు చివరికి వెళ్లేవి. ఇంతమంది గంభీరంగా ఉండగా ఆ నవ్వే మనిషి ఎవరని కుర్ర కార్మికులు అడిగారు. రాయమల్లు కింద రాసింది చదివి వినిపించి, చెదల సంగతి, బెల్లంపల్లి ప్రయాణం, చెవి పోగు, అన్నీ చెప్పాడు. చివరికి, "గీ బిడ్డ చేసింది" అని మక్సూదాను చూపించాడు. అందరూ తల తిప్పారు. మక్సూదా దుపట్టా సవరించుకుంది కానీ తల దించుకోలేదు. ఒక ఆఫీసరు దగ్గరికి వచ్చి, ఈ పని ఏ ఊళ్లో నేర్చుకున్నారమ్మా అని అడిగాడు. "మా నాన్న దగ్గర, పెన్సిల్‌తోటి" అంది. ఆయనకు అర్థమైనట్టు లేదు. ఆమె విడమరిచి చెప్పబోతుంటే లింగవ్వ వచ్చింది.

లింగవ్వ కొడుకు చెయ్యి విడిపించుకుని ఫోటో దగ్గరికి నడిచింది. కాసేపు రఘుపతిని చూసింది. తర్వాత పక్కన వరసలో ఉన్నవాళ్లందరినీ చూసింది.

"ఇంతమందిల ఉండె గద ఈయన" అంది. "మా ఇంట్ల ఒక్కడే అనుకున్న ఇన్ని దినాలు."

మక్సూదా ఆమె పక్కన నిలబడింది. లింగవ్వ ఆమె చేతిని పట్టుకుని, వేళ్లు తిప్పి తిప్పి చూసింది. ఆ చేతివేళ్లలో బొటనవేలి పక్కన ఏళ్ల తరబడి పట్టిన పెన్సిల్ వేసిన కాయ ఒకటి ఇప్పటికీ గట్టిగా ఉంటుంది.

తెలంగాణ వచ్చిన ఏడాది, 2014లో, ఆ బాయి ముఖద్వారం ఇటుకలతో మూసి ఉంది. ఫోటో హాల్లోనే ఉంది. ఆ ఎండాకాలం మక్సూదా బల్ల మీద 1969 నాటి ఫోటోల కుప్ప ఉండేది. అప్పటి తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయివచ్చిన పిల్లల ఫోటోలు, ఇప్పుడు తాతలైనవాళ్లవి, కొందరు లేనివాళ్లవి. కొత్త రాష్ట్రం వచ్చే జూన్ రెండున ఊళ్లో ఊరేగింపులకు, గోడలకు కట్టడానికి అందరికీ ఒకేసారి కావలసివచ్చాయి. ఆమె ఒక్కటీ తొందరపడి చేయలేదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, నోటు పుస్తకం తెరిచి, పాపిట ఏ పక్కో, మచ్చ ఎక్కడో అడిగి ఉర్దూలో రాసుకుంది. కొందరు గొణిగారు. జల్ది ఇమ్మన్నారు. వజీర్ వాళ్లకు చాయ్ తెప్పించి, "జల్ది అయ్యేది కావాలంటె చౌరస్తాల ఇంకో రెండు దుకాణాలున్నయి. మంచిగ అయ్యేది కావాలంటె కూసోండ్రి" అన్నాడు.

ఎక్కువమంది కూర్చున్నారు.